ఊరు ఖాళీగా ఉన్నప్పుడు బడి చేతులు మార్చకండి: ఒక బహిరంగ లేఖ

విపత్తు నిర్వహణ, పాఠశాల విద్య బాధ్యతలు చూస్తున్న అధికారులకు, శాసనసభ్యులకు, వారికి సలహాలిచ్చే విద్యా నిపుణులకు,

నమస్కారం.

తుపాను రోజుల్లో మీ సిబ్బంది కంటిమీద కునుకు లేకుండా పనిచేస్తారు. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాం.

తుపానుకో వరదకో బడి దెబ్బతింటే, దాన్ని తిరిగి తెరవాలా, ఇంకో బడిలో కలపాలా, ఎవరికైనా అప్పగించాలా అన్నది ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో తేలుస్తారో రాతపూర్వకంగా చెప్పమని అడుగుతూ వచ్చాం. వినతిపత్రం మీద రసీదు ముద్ర పడింది. ఆ తర్వాత అది ఏ బల్ల మీద ఉందో తెలియదు. కానీ బడుల సంస్కరణ మాట వచ్చినప్పుడల్లా "అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ను చూడండి, తుపాను పాత వ్యవస్థను ఊడ్చేసింది, చార్టర్ బడులు పెట్టి బాగుపడ్డారు" అనేవాళ్ళు మాత్రం ఉంటూనే ఉన్నారు. 2017లో నీతి ఆయోగ్ మూడేళ్ళ కార్యాచరణ పత్రం కూడా ప్రభుత్వ బడులను ప్రైవేటు సంస్థలు దత్తత తీసుకుని నడపడం, ప్రభుత్వం పిల్లల తలకు ఇంత అని డబ్బివ్వడం అనే పద్ధతిని పరిశీలించమంది. అంటే ఇది మనకు దూరపు ముచ్చటేమీ కాదు.

అందుకే న్యూ ఆర్లీన్స్‌లో నిజంగా ఏం జరిగిందో వరసగా రాస్తున్నాం. మంచిని దాచం, చెడునూ దాచం.

ముందుగా చార్టర్ బడి అంటే ఏమిటో రెండు ముక్కల్లో. ఫీజు ఉండదు, డబ్బు ప్రభుత్వానిదే. నడిపేది మాత్రం ఒక ప్రైవేటు సంస్థ, ఎక్కువగా లాభాపేక్ష లేనిది. దానికీ విద్యాబోర్డుకూ మధ్య కొన్నేళ్ళ ఒప్పందం ఉంటుంది. ఫలితాలు రాకపోతే ఒప్పందం రద్దు చేసి బడిని మూసేయవచ్చు, లేదా ఇంకొకరికి ఇవ్వవచ్చు. టీచర్లను పెట్టుకోవడం, తీసేయడం, జీతం, పనిగంటలు అన్నీ ఆ సంస్థ చేతుల్లోనే. సంస్థను నడిపే పాలకమండలిని జనం ఎన్నుకోరు, అది తనను తానే నియమించుకుంటుంది. మనకు తెలిసిన ఎయిడెడ్ బడికి దగ్గరగా అనిపిస్తుంది గానీ అదీ ఇదీ ఒకటి కాదు. ఎయిడెడ్ టీచరుకు ప్రభుత్వ నిబంధనలు కొంత రక్షణ ఇస్తాయి. చార్టర్ టీచరుకు సాధారణంగా ఆ రక్షణ ఉండదు.

2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను తీరం దాటింది. కరకట్టలు తెగి నగరంలో 80 శాతం నీట మునిగింది. అంతకుముందు ఆ నగర ప్రభుత్వ బడుల్లో సుమారు 65 వేల మంది పిల్లలు ఉండేవారు. ఆ బడులు బాగుండేవని మేం అనడం లేదు. స్కూలు బోర్డు లెక్కలు అధ్వానంగా ఉండేవి, అవినీతి కేసులు నడుస్తుండేవి, బడుల వ్యవస్థను నడిపే సూపరింటెండెంట్లు వచ్చినంత తొందరగా వెళ్ళిపోయేవారు. 2003లో ఒక హైస్కూలులో తరగతిలో మొదటి స్థానం వచ్చిన అమ్మాయే పట్టా ఇచ్చే పరీక్షలో గణితం తప్పింది. సంస్కరణ అవసరమే. ఏది మార్చారన్న దానితో మాకు అంత పేచీ లేదు. ఎప్పుడు మార్చారు, ఎవరిని అడిగి మార్చారు అన్నదే మా ప్రశ్న.

1. కొలబద్దను నీళ్ళలో మార్చారు. బలహీనమైన బడులను రాష్ట్రం స్వాధీనం చేసుకోవడానికి రికవరీ స్కూల్ డిస్ట్రిక్ట్ అనే సంస్థ 2003లోనే పుట్టింది. తుపానుకు ముందు న్యూ ఆర్లీన్స్‌లో దాని చేతికి వచ్చినవి 5 బడులే. ప్రధానంగా పరీక్షా ఫలితాలు చూసి రాష్ట్రం ఇచ్చే బడి స్కోరు 60 లోపు ఉండి, వరసగా కొన్నేళ్ళు విఫలమైతేనే తీసుకోవాలన్నది అప్పటి నియమం. 2005 నవంబరులో రాష్ట్ర శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టి యాక్ట్ 35 అనే చట్టం తెచ్చారు. విద్యాసంక్షోభంలో ఉందని ప్రకటించిన జిల్లాలో రాష్ట్ర సగటు 87.4 కంటే తక్కువ స్కోరున్న ఏ బడినైనా తీసుకోవచ్చన్నారు. సగటు అంటేనే కొన్ని బడులు దాని కింద ఉంటాయని అర్థం. ఒక్క చట్టంతో వందకు పైగా బడులు నగరం చేతుల్లోంచి రాష్ట్రం చేతికి వెళ్ళాయి. ఆ నెలలో ఆ పిల్లల తల్లిదండ్రులు హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో చుట్టాల ఇళ్ళలోనో తలదాచుకుంటున్నారు.

2. ఓటు అడగాల్సిన చోట అడగలేదు. న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా రాష్ట్ర చట్టం ప్రకారం, నడుస్తున్న బడిని చార్టర్‌గా మార్చాలంటే అక్కడి టీచర్లూ తల్లిదండ్రులూ ఒప్పుకోవాలి. తుపాను తర్వాత గవర్నర్ ప్రత్యేక ఉత్తర్వులతో ఆ షరతును పక్కన పెట్టారు. మిసిసిపీ నదికి అవతలి ఒడ్డున ఉన్న ఆల్జియర్స్ ప్రాంతం మునగలేదు. అక్టోబరు మొదటి వారంలోనే అక్కడి 13 బడులనూ చార్టర్‌గా మార్చాలని బోర్డు తీర్మానించింది. గోడ తడవని బడికి అంత తొందర ఎందుకు? కేంద్రం నుంచి చార్టర్ బడుల కోసం సుమారు 2 కోట్ల డాలర్లు సెప్టెంబరు చివరికే మంజూరయ్యాయి. ఏ పేరు పెడితే డబ్బు వస్తుందో బడికి ఆ పేరే పెట్టారు.

3. ఉద్యోగాల తొలగింపు. దాదాపు 7,500 మంది బోర్డు ఉద్యోగులను ముందు జీతం లేని విపత్తు సెలవులో పెట్టి, 2006 తొలి నెలల్లో తొలగించారు. అందులో 4 వేలకు పైగా టీచర్లు. మిగతావాళ్ళు వంటవాళ్ళు, బస్సు డ్రైవర్లు, గుమాస్తాలు, ఆయాలు. తొలగింపు ఉత్తరాలు పాత చిరునామాలకు వెళ్ళాయి. అంటే పైకప్పు దాకా నీళ్ళు నిలిచి, తలుపు మీద గాలింపు బృందాలు రంగుతో గుర్తు వేసి వెళ్ళిన ఇళ్ళకు! ఆ ఉత్తరం ఎవరందుకుంటారని పంపారో. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 2012లో కింది కోర్టులో గెలిచారు, 2014 జనవరిలో అప్పీలులో కూడా గెలిచారు. అదే ఏడాది అక్టోబరులో లూసియానా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2015లో అమెరికా సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు. పదేళ్ళు తిరిగినా చేతికి చిల్లిగవ్వ రాలేదు.

దీని ఫలితం జీతాల దగ్గర ఆగలేదు. తుపానుకు ముందు ఆ నగర టీచర్లలో 71 శాతం నల్లజాతివారు, 2014 నాటికి 49 శాతం. తొలగించిన టీచర్లలో 2007 నాటికి ఆ నగర బడులకు తిరిగొచ్చినవారు మూడోవంతే. నల్లజాతి మధ్యతరగతికి టీచరు ఉద్యోగమే వెన్నెముక అయిన ఊరు అది. ఒక్క సంతకంతో ఎన్నో వీధుల్లో నెల జీతం ఆగిపోయింది. వాళ్ళ స్థానంలో కొత్తగా చదువు ముగించిన యువకులు రెండేళ్ళ పనికి వచ్చారు. ఉత్సాహం ఉన్నవాళ్ళే. కానీ పిల్లాడి అన్ననూ, అమ్మనూ, మేనమామనూ ఎరిగిన టీచరు పోతే ఆ ఎరుక నియామక పత్రంతో తిరిగి రాదు.

4. చేర్చుకునే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. మీరు అన్నిటికంటే ఎక్కువ సేపు ఆగి చదవాల్సింది ఈ అంశమే. పాత పద్ధతిలో వీధిలోకి కొత్త పిల్లాడు వస్తే ఏ బడి చేర్చుకోవాలో తేలిపోయి ఉండేది. కొత్త పద్ధతిలో ఒక్కో బడికి ఒక్కో దరఖాస్తు, ఒక్కో గడువు. తల్లి బస్సెక్కి బడులన్నీ తిరగాలి. 2007 జనవరిలో, ఊరికి తిరిగొచ్చిన సుమారు 300 మంది పిల్లలు చేరడానికి బడి లేక వెయిటింగ్ లిస్టులో ఉండిపోయారు. ప్రభుత్వ బడికి వెయిటింగ్ లిస్టు!

అంగవైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల గతి ఇంకా హీనం. ప్రత్యేక టీచరుకు ఖర్చెక్కువ, పరీక్ష స్కోరు తక్కువ, ఆ స్కోరు మీదే ఒప్పందం కొనసాగింపు. ఇలా లెక్క కట్టి ఇచ్చినప్పుడు "మా దగ్గర ఆ సదుపాయం లేదమ్మా, ఫలానా బడికి వెళ్ళండి" అని మర్యాదగా పంపేయడం దుర్మార్గుల పనే కానక్కర్లేదు, లెక్కే ఆ పని చేయిస్తుంది. 2010 అక్టోబరులో తల్లిదండ్రుల తరఫున ఫెడరల్ కోర్టులో దావా పడింది. రాజీ కుదిరి కోర్టు ఆమోదం పొందేసరికి 2015 వచ్చింది. అప్పటి నుంచి స్వతంత్ర పర్యవేక్షకుడిని పెట్టారు. అందరికీ ఒకే దరఖాస్తు, ఒకే గడువు, కంప్యూటర్‌తో సీట్ల కేటాయింపు అనే వన్ యాప్ పద్ధతి 2012లో వచ్చింది. బడి నుంచి బహిష్కరించాలంటే అందరూ ఒకే విచారణ కార్యాలయానికి రావాలనే నియమమూ అప్పుడే వచ్చింది. రెండూ మంచివే. ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చాయి. ఒకటో తరగతిలో ఉన్న పిల్లకు ఏడేళ్ళంటే ప్రాథమిక విద్య మొత్తం.

5. దూరం. ఎక్కడి బడినైనా ఎంచుకోవచ్చన్నారు గనక పిల్లలు నగరం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళసాగారు. తెల్లవారకముందే బస్సు కోసం మూలమలుపు దగ్గర నిలబడే చిన్నపిల్లలు అక్కడ మామూలు దృశ్యమయ్యారు. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయిన లోయర్ నైన్త్ వార్డ్‌లో చాలా ఏళ్ళు ఒకే ఒక్క బడి నడిచింది. బడి లేదని కుటుంబం తిరిగి రాదు, కుటుంబాలు లేవని బడి తెరవరు. ఈ చిక్కుముడిని విప్పే పూచీ మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

6. డబ్బు ఎటు పోయింది. టులేన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తుపాను ముందు న్యూ ఆర్లీన్స్‌లా ఉన్న ఇతర జిల్లాలతో పోల్చి చూశారు. తలకు ఖర్చు 13 శాతం పెరిగింది. అందులో పరిపాలన ఖర్చు 66 శాతం పెరిగితే, బోధన ఖర్చు 10 శాతం తగ్గింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒకప్పుడు ఒక జిల్లా కార్యాలయం చేసిన పనిని ఇప్పుడు డజన్లకొద్దీ సంస్థలు ఎవరికి వారు చేసుకుంటున్నాయి. ఒక్కోదానికి ఒక్కో అధినేత, ఒక్కో అకౌంట్స్ విభాగం, ఒక్కో బస్సు కాంట్రాక్టు. బోధన ఖర్చు తగ్గడానికి పెద్ద కారణం, సర్వీసున్న టీచర్లు పోయి తక్కువ జీతపు కొత్తవాళ్ళు రావడం. ఇంకో చిన్న సంగతి. పరీక్షలు మూడో తరగతిలో మొదలవుతాయి, స్కోరు అక్కడి నుంచే లెక్క. అందుకే నాలుగేళ్ళ పిల్లల తరగతులు నడపాలన్న ఆసక్తి చాలా సంస్థలకు తగ్గింది. ఆ సీట్లు తగ్గిపోయాయి.

7. తిరిగి రావడానికి పట్టిన కాలం. 2014లో రికవరీ డిస్ట్రిక్ట్ నేరుగా నడిపే చివరి బడులు కూడా మూతపడ్డాయి. 2016లో చట్టం చేస్తే 2018 జులై 1న బడులు స్థానికంగా ఎన్నికైన బోర్డు పర్యవేక్షణలోకి వచ్చాయి. అంటే 13 ఏళ్ళకు. అదీ పూర్తిగా కాదు. ఒప్పందం ఇవ్వడం, రద్దు చేయడం మీద సూపరింటెండెంట్ సిఫారసును కాదనాలంటే బోర్డులో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. బడి లోపలి వ్యవహారాల్లో బోర్డు వేలు పెట్టకూడదు. 2024 ఆగస్టులో బోర్డు ఒక బడిని తానే సొంతంగా తెరిచింది. ఒక ప్రభుత్వ బోర్డు ఒక ప్రభుత్వ బడి నడపడం అక్కడ వార్త అయింది.

మరి ఫలితాలు రాలేదా? వచ్చాయి. అదే టులేన్ బృందం లెక్క ప్రకారం పరీక్ష స్కోర్లు గణనీయంగా పెరిగాయి, హైస్కూలు పూర్తిచేసేవారు 3 నుంచి 9 శాతం పాయింట్లు, కాలేజీలో చేరేవారు 8 నుంచి 15 పాయింట్లు పెరిగారు. దీన్ని కాదనేవాళ్ళతో మేం లేము. కానీ ఈ అంకెలు చూపించి "చార్టర్ పెట్టండి" అనేవాళ్ళు దాటేసే సంగతులు కొన్ని ఉన్నాయి. అక్కడ తలకు ఖర్చు పెరిగింది. బడుల పునర్నిర్మాణానికి 2010లో కేంద్ర విపత్తు సంస్థ ఫెమా 180 కోట్ల డాలర్లు ఒక్కమొత్తంగా ఇచ్చింది. ఎదుగుదలలో పెద్ద వాటా, బాగా నడవని బడులను మూయడం, చేతులు మార్చడం వల్ల వచ్చింది. అది కూడా మూసిన బడి పిల్లలకు అంతకంటే మంచి బడిలో చోటు సిద్ధంగా ఉన్నప్పుడే ఫలించింది. చోటు లేకుండా మూస్తే పిల్ల చదువు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా స్కోరు మీదే బడి బతుకు ఆధారపడితే స్కోరును వండేవాళ్ళూ తయారవుతారు. 2019లో అక్కడి ఒక చార్టర్ హైస్కూలులో మార్కులు అక్రమంగా మార్చిన సంగతి బయటపడింది. చివరి తరగతిలో దాదాపు సగం మందికి పట్టాకు అర్హతే లేదని, పట్టాల వేడుక అయ్యాక తేలింది.

ఇక మన సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడలోకీ, మున్నేరు ఖమ్మంలోకీ వచ్చాయి. ప్రతిసారీ ముందుగా సహాయ శిబిరమయ్యేది బడే. విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 ప్రకారం టీచర్లకు చదువుకు సంబంధించని పనులు చెప్పకూడదు. మినహాయింపులు జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం. అంటే బడి భవిష్యత్తు గురించి ఎవరైనా ఫైలు కదిపే సమయానికి ఆ బడి హెడ్‌మాస్టరు శిబిరంలో పులిహోర పొట్లాలు లెక్కపెడుతూ ఉంటారు, కమిటీలోని తల్లిదండ్రులు నష్టపరిహారం జాబితాలో పేరుందో లేదో చూసుకుంటూ ఉంటారు. అభ్యంతరం చెప్పే మనిషి ఆ వారం ఊళ్ళో ఉండడు. అభ్యంతరం రాలేదు గనక అందరికీ సమ్మతమే అని ఫైలులో రాసుకోవడం చాలా తేలిక.

మా డిమాండ్లు ఇవి. చాలావాటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

1. విపత్తు ప్రకటించిన మండలాల్లో, ప్రకటన తేదీ నుంచి రెండు పూర్తి విద్యా సంవత్సరాలు ఏ ప్రభుత్వ బడినీ విలీనం చేయడం, శాశ్వతంగా మూయడం, యాజమాన్యం మార్చడం కుదరదని ఉత్తర్వు ఇవ్వండి. భవనం ప్రమాదకరంగా ఉంటే తరగతులు వేరే చోటికి మార్చండి. కానీ బడి పేరు, యూడైస్ కోడ్ (ప్రభుత్వ లెక్కల్లో ప్రతి బడికీ ఉండే గుర్తింపు సంఖ్య), మంజూరైన టీచరు పోస్టులు అలాగే ఉండాలి. కోడ్ పోయిన బడి తిరిగి రావడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

2. ఆ రెండేళ్ళూ హాజరు, విద్యార్థుల సంఖ్య, ఫలితాలు అనే మూడు అంకెలను బడి మీద చర్యకు ఆధారంగా వాడకండి. ఏ కొలబద్దనైనా మార్చాలనుకుంటే విపత్తుకు ముందే మార్చి ఉండాలి.

3. యాజమాన్య మార్పు ప్రతిపాదన ఎప్పుడొచ్చినా, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం మాత్రమే సరిపోదు. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, నిజమే. కానీ వలసపోయినవాళ్ళు సమావేశానికి రాలేరు. విపత్తు ముందు రోజు హాజరుపట్టీలో ఉన్న ప్రతి బిడ్డ తల్లికో తండ్రికో ఓటు ఉండాలి. నోటీసు 30 రోజుల ముందు ఫోన్ చేసి చెప్పాలి, గ్రామ సచివాలయం బోర్డు మీదా, శిబిరం బోర్డు మీదా పెట్టాలి. పాత చిరునామాకు ఉత్తరం వేయడాన్ని నోటీసుగా లెక్కించకూడదు.

4. టీచర్లు, వంట కార్మికులు, ఆయాలు, స్వీపర్లు, విద్యా వలంటీర్లు ఎవరినీ విపత్తు కారణంగా తొలగించకూడదు. వంట కార్మికుల గౌరవ వేతనం బడి మూతపడిన రోజులకు కూడా ఇవ్వాలి. వాళ్ళ వంటపాత్రలతోనే కదా శిబిరం నడిచేది.

5. మండలానికి ఒక చేరిక బల్ల పెట్టండి. బిడ్డ వచ్చిన 48 గంటల్లో ఫలానా బడి అని రాసిన చీటీ చేతికివ్వాలి. టీసీ ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో చేర్చుకోకపోవడం సెక్షన్ 5, సెక్షన్ 14 ప్రకారం చట్టవిరుద్ధమని ఆ బల్ల మీదే అట్ట మీద రాసి పెట్టండి. ప్రత్యేక అవసరాల పిల్లలను తిప్పి పంపిన ప్రతి బడి పేరూ, కారణమూ వారం వారం ప్రకటించండి.

6. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు బడి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపు అన్న నియమం తాత్కాలిక బడికి కూడా వర్తించాలి. కుదరకపోతే బస్సు మీది. ఆటో కిరాయి తర్వాత ఇస్తామనే మాట వద్దు.

7. ఇన్ని చెప్పాక కూడా ఏ బడినైనా బయటి సంస్థకు ఇవ్వాలనే అనుకుంటే ఒప్పందం పూర్తి పాఠం తెలుగులో ప్రకటించండి. అందులో ముగింపు తేదీ ఉండాలి, బడిని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చే పద్ధతి మొదటి రోజే రాసి ఉండాలి. భూమి, భవనం బడి పేరునే ఉండాలి. సంస్థ ఖర్చును బోధన, పరిపాలన, రవాణా అని మూడు పద్దులుగా విడగొట్టి ఏటా ఆడిట్ చేయించాలి. సమాచార హక్కు చట్టం ఆ సంస్థకు వర్తిస్తుందని ఒప్పందంలోనే రాయాలి.

8. విపత్తు ముందు రోజు పట్టీలో ఉండి, ఆరు నెలల తర్వాత ఏ బడి పట్టీలోనూ లేని పిల్లల జాబితా బడివారీగా తయారు చేయండి. పేర్లు బయట పెట్టక్కర్లేదు, సంఖ్య పెట్టండి. ఎంతమంది తిరిగి రాలేదో తెలియకుండా ఫలితాల శాతం చూపిస్తే, వచ్చినవాళ్ళ మార్కులు చూపించి రానివాళ్ళను మరిచిపోయినట్టే.

హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. కాబట్టి ఈ ఉత్తర్వు సెప్టెంబరు 30 లోపు వెలువడాలి, దాని ప్రతి ప్రతి తీర మండల విద్యాధికారి బల్ల మీదా, ప్రతి వరద ముంపు గ్రామ సచివాలయంలోనూ ఉండాలి. ఏ డిమాండు కుదరదో, ఎందుకు కుదరదో అంశం నెంబరు వేసి జవాబివ్వండి. ఈసారి రసీదు ముద్రతో సరిపెట్టకండి.

ఇట్లు,
ప్రభుత్వ బడుల టీచర్లు, యాజమాన్య కమిటీల తల్లిదండ్రులు, సహాయ శిబిరాల్లో పనిచేసే వలంటీర్లు